అమెరికాలో, జపానులో టిప్పు: ఎవరికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి?

తొలిప్రయాణం:

అందరికీ నమస్కారం. వచ్చే అక్టోబరులో మా అమ్మానాన్నలను తీసుకుని మూడు వారాలు అమెరికా వెళ్తున్నాను. న్యూయార్క్‌లో దిగి, లాస్ వేగస్, గ్రాండ్ కాన్యన్ చూసుకుని, శాన్ ఫ్రాన్సిస్కో నుంచి తిరుగు ప్రయాణమవుతాము. దారిలో జపానులో నాలుగు రోజులు ఆగుతున్నాము. అందులో ఒక రాత్రి హకోనెలో, ర్యోకాన్ అనే సంప్రదాయ విడిదిలో బస. టిక్కెట్లు, వీసాలు, గదులు అన్నీ కుదిరాయి కానీ టిప్పు సంగతి మాత్రం ఎంత చదివినా తేలడం లేదు. ఒకరు పదిహేను శాతం అంటారు, ఒకరు ఇరవై అంటారు, ఇంకొకరు అడిగిన ప్రతిచోటా ఇవ్వనక్కరలేదంటారు.

నా సందేహాలు ఇవి. శాతాన్ని పన్నుతో కలిపిన మొత్తం మీద లెక్కించాలా, పన్నుకు ముందున్న మొత్తం మీదా? కార్డుతో చెల్లించేటప్పుడు టిప్పు ఎలా ఇస్తారు? రెస్టారెంట్లలో కాక ఇంకా ఎవరెవరికి ఇవ్వాలి? మా అమ్మకు మోకాళ్ల నొప్పుల వల్ల విమానాశ్రయాల్లో చక్రాల కుర్చీ కావాలి కనుక, ఆ కుర్చీ నడిపేవారి విషయం కూడా తెలుసుకోవాలి. జపానులో అసలు ఇవ్వకూడదన్న మాట నిజమేనా?

ఇవి కాక మా నాన్నగారు అడిగిన ప్రశ్న ఒకటుంది. "తిన్నదానికి ధర కట్టాం, పన్ను కట్టాం, వడ్డించినవారి జీతం మళ్లీ మనమెందుకు కట్టాలి?" అన్నారు. ఆయన డబ్బుకు వెనుదీసే మనిషి కాదు, కారణం తెలియకుండా ఏదీ చేయని మనిషి. నాకు సరైన జవాబు తోచలేదు.

సాయంత్రం షిఫ్టు:

మీ నాన్నగారి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలితే మిగిలినవి చాలావరకు వాటంతటవే తేలతాయి. నేను టెక్సాస్‌లో ఒక రెస్టారెంట్‌లో రెండేళ్లు వడ్డన పని చేశాను. యజమాని నాకు గంటకు ఇచ్చిన జీతం 2.13 డాలర్లు. అది ఆయన పిసినారితనం వల్ల కాదు, ఫెడరల్ చట్టమే, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వ చట్టమే, అంత ఇస్తే చాలని చెబుతోంది. ఆ అంకె 1991 నుంచి మారలేదు. మామూలు కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, అది 2009 నుంచి అక్కడే ఆగి ఉంది. ఈ రెండింటి మధ్య తేడా అయిన 5.12 డాలర్లను తినడానికి వచ్చినవారు టిప్పుల రూపంలో నింపుతారన్నది చట్టం వేసుకున్న లెక్క. టిప్పులు కలిపినా 7.25 డాలర్లకు చేరకపోతే మిగతాది యజమాని పూడ్చాలని కూడా అదే చట్టం చెబుతుంది కానీ, అలా అడిగి తీసుకునే ధైర్యం పనివాళ్లలో ఎంతమందికి ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు. అంటే పట్టికలో కనిపించే ధరలో వడ్డించేవారి కూలి పూర్తిగా కలిసి ఉండదు. ధర కట్టేశామన్న మీ నాన్నగారి మాట ఇంకెక్కడైనా సరిపోతుంది కానీ, అక్కడ మాత్రం ధరలో కొంత భాగాన్ని మనమే విడిగా, నేరుగా ఆ మనిషి చేతికి ఇస్తున్నాం.

బయటివారికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. వచ్చిన టిప్పు అంతా వడ్డించినవారికే మిగలదు. బల్లలు తుడిచేవారికి, బార్‌లో పానీయాలు కలిపేవారికి అందులోంచి వాటా పోతుంది. మా దగ్గర ఆ వాటాను నాకు వచ్చిన టిప్పును బట్టి కాక, నా బల్లల మీద జరిగిన అమ్మకాన్ని బట్టి నాలుగు శాతంగా లెక్కకట్టేవారు. కాబట్టి నూరు డాలర్ల బిల్లు చెల్లించి, టిప్పు ఏమీ పెట్టకుండా ఎవరైనా లేచి వెళ్తే, ఆ బల్ల వల్ల నాకు రాబడి లేకపోవడమే కాదు, మిగతా బల్లల మీద వచ్చిన దానిలోంచి నాలుగు డాలర్లు తీసి పక్కవారికి ఇవ్వాల్సి వచ్చేది. ఒక శుక్రవారం రాత్రి పదకొండు మంది ఉన్న విదేశీ కుటుంబానికి మూడు గంటలు వడ్డించాను. పిల్లలతో ఎంతో ఆప్యాయంగా మాట్లాడారు, వెళ్లేటప్పుడు నాకు చేతులు జోడించి మరీ కృతజ్ఞతలు చెప్పారు, టిప్పు మాత్రం పెట్టలేదు. వాళ్లకు చెడ్డ ఉద్దేశం లేదని నాకు తెలుసు, ఆ పద్ధతి వాళ్లకు ఎవరూ చెప్పలేదంతే. అయినా ఆ రాత్రి ఇంటికి వెళ్లి లెక్క చూసుకున్నప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది. ఆ తరువాత అలాంటి కుటుంబాలు వస్తే ఆ బల్ల మాకు వద్దంటే మాకు వద్దని తోటివారు తప్పించుకోవడం చూసి, ఆ బాధ ఇంకా పెరిగింది. మీరు ఇలా ముందే అడిగి తెలుసుకోవడం నిజంగా మంచి పని.

ఒక ఊరట కూడా చెప్పాలి. 2018లో చట్టాన్ని సవరించాక యజమానులు, మేనేజర్లు పనివాళ్ల టిప్పుల్లో వాటా తీసుకోకూడదు. మీరు ఇచ్చేది పనిచేసినవారికే చేరుతుంది.

పశ్చిమతీరం:

పై మాటలకు ఒక చేర్పు. కాలిఫోర్నియా, నెవాడా, వాషింగ్టన్, ఒరెగాన్, మోంటానా, మినెసోటా, అలాస్కా రాష్ట్రాల్లో 2.13 లెక్క చెల్లదు. అక్కడ వడ్డించేవారికి కూడా ఆ రాష్ట్రపు పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే. మీరు వెళ్లే లాస్ వేగస్, శాన్ ఫ్రాన్సిస్కో రెండూ ఈ రాష్ట్రాల్లోవే. ఈ సంగతి తెలిసి, అక్కడ టిప్పు తగ్గించవచ్చు కదా అని కొందరు అనుకుంటారు. ఆచారం మాత్రం అలా మారలేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో అద్దెలు కట్టుకుని బతికేవారికి కనీస వేతనం ఏ మూలకూ సరిపోదు. అక్కడా పద్దెనిమిది నుంచి ఇరవై శాతం ఇవ్వడమే మామూలు.

ఇక లెక్క. బల్ల దగ్గరికి వచ్చి వడ్డించే చోట పదిహేను శాతం కనిష్ఠం, ఇరవై శాతం మంచి సేవకు తగినది. శాతాన్ని పన్నుకు ముందున్న మొత్తం మీద వేయాలి. న్యూయార్క్ నగరంలో అమ్మకపు పన్ను 8.875 శాతం. తిన్నది 80 డాలర్లయితే పన్ను 7.10, మొత్తం 87.10 అవుతుంది. ఇరవై శాతం టిప్పు అంటే 80 మీద 16 డాలర్లు. ఆ నగరంలో చాలామంది పన్నును రెట్టింపు చేసి 14.20 అలా ఇచ్చేస్తారు, దాదాపు పద్దెనిమిది శాతం అవుతుంది కనుక అదీ బాగానే ఉంటుంది. అయితే ఈ చిట్కాను ప్రతి ఊరికీ మోసుకువెళ్లకండి, పన్ను ఊరూరికీ మారుతుంది, ఒరెగాన్‌లోనైతే అమ్మకపు పన్నే లేదు. బిల్లు అడుగున 18, 20, 22 అని లెక్క కట్టి చూపించే అంకెలను కొన్నిచోట్ల పన్ను కలిపిన మొత్తం మీద వేస్తారు. తేడా చిన్నదే కానీ తెలిసి ఇవ్వడం మంచిది.

కార్డు పద్ధతి మొదటిసారి అందరినీ తికమక పెడుతుంది. బిల్లును అక్కడ "చెక్" అంటారు. అది ఒక మడతపెట్టిన అట్టలో వస్తుంది. చూసుకుని, కార్డును అందులో పెడితే వడ్డించినవారు తీసుకువెళ్లి, రెండు రసీదులతో తిరిగి తెస్తారు. ఒకటి మీకు, ఒకటి వారికి. వారికి చెందిన దానిలో "టిప్" అన్న గీత మీద 16.00 అని, "టోటల్" అన్న గీత మీద 103.10 అని రాసి, సంతకం చేసి బల్ల మీద ఉంచి రావాలి. పొరపాటున సంతకం చేసిన ఆ కాగితాన్నే జేబులో వేసుకుని వస్తే టిప్పు వారికి అందదు. మీ ఖాతాలో మొదట 87.10 మాత్రమే కనిపించి, ఒకటి రెండు రోజుల తరువాత 103.10గా మారుతుంది, కంగారు పడకండి. టిప్పు నగదుగా ఇవ్వాలనుకుంటే ఆ గీత మీద "క్యాష్" అని రాసి, మొత్తం దగ్గర 87.10 అని నింపండి. ఖాళీగా మాత్రం వదలవద్దు. ఇప్పుడు చాలాచోట్ల చేతియంత్రాన్ని బల్ల దగ్గరికే తెస్తున్నారు కనుక, అప్పుడు తెర మీదనే అంకె ఎంచుకుంటే సరిపోతుంది.

టిప్పు రాసే ముందు బిల్లును పైనుంచి కింది దాకా చదవండి. ఆరుగురు లేదా అంతకు మించి ఉన్న బృందాలకు పద్దెనిమిది లేదా ఇరవై శాతాన్ని ముందే కలిపేయడం మామూలు. మయామీ బీచ్ లాంటి చోట్ల ఇద్దరు కూర్చున్నా కలిపేస్తారు. "గ్రాట్యుటీ ఇంక్లూడెడ్" (టిప్పు కలిపే ఉంది) అని ఉంటే మళ్లీ ఇవ్వక్కరలేదు. "సర్వీస్ ఛార్జి" అని ఉంటే మాత్రం ఒక మాట అడగండి. ఫెడరల్ నియమాల ప్రకారం తప్పనిసరిగా వేసే సర్వీస్ ఛార్జి టిప్పు కిందికి రాదు, అది యజమాని ఆదాయం. దాన్ని వడ్డించినవారికి పంచాలో వద్దో ఆయన ఇష్టం. "ఇది మీకు చేరుతుందా?" అని మర్యాదగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, నిజమే చెబుతారు.

అక్షాంశం:

సాయంత్రం షిఫ్టు గారి అనుభవం చదివి మనసు కలుక్కుమంది. బల్ల దగ్గర వడ్డించేవారికి తప్పక ఇవ్వాలన్న మాటతో నాకు ఏ విభేదమూ లేదు. కానీ తొలిప్రయాణం గారు రెండో వైపు కూడా తెలుసుకుని వెళ్లాలి. ఇప్పుడు అమెరికాలో కాఫీ కప్పు అందించే చోట, రొట్టె ముక్క పొట్లం కట్టే చోట, చివరకు మనమే వస్తువు తీసుకుని మనమే డబ్బు కట్టే చోట కూడా తెర మన వైపు తిప్పి ఇరవై, ఇరవై అయిదు శాతం అడుగుతున్నారు. వెనుక వరుసలో నిలబడ్డవారి చూపులకు మొహమాటపడి నొక్కేసేవారు ఎందరో. అలాంటి చోట్ల "నో టిప్" నొక్కడం తప్పు కాదు, అమర్యాద అంతకంటే కాదు. కౌంటర్ దగ్గర పనిచేసేవారికి సాధారణంగా పూర్తి గంట జీతమే ఇస్తారు. ఎవరైనా ప్రత్యేకంగా శ్రమ తీసుకుంటే ఒక డాలరు ఇవ్వండి, లేకపోతే కృతజ్ఞతలు చెప్పి వచ్చేయండి.

మీ నాన్నగారికి చెప్పాల్సిన చరిత్ర కూడా కొంత ఉంది. ఈ ఆచారం అమెరికన్ల రక్తంలో పుట్టింది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో ఐరోపా తిరిగి వచ్చిన సంపన్నులు దాన్ని తెచ్చుకున్నారు. అంతర్యుద్ధం ముగిశాక, 1867లో ఏర్పడిన పుల్‌మన్ రైలు కంపెనీ, బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతివారిని పడకల రైళ్లలో పోర్టర్లుగా పెట్టుకుని, బతకడానికి చాలని జీతమిచ్చి, మిగిలింది ప్రయాణికుల ఇనాముల మీద వదిలేసింది. ఆ పోర్టర్లు 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో సంఘం కట్టి, పన్నెండేళ్లు పోరాడి, 1937లో కంపెనీతో ఒప్పందం సాధించారు. మరోవైపు, ఒకరి దయ మీద ఇంకొకరు బతకడం ప్రజాస్వామ్యానికి తగదని 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పును చట్టంతో నిషేధించింది. మరికొన్ని రాష్ట్రాలూ అదే దారి పట్టాయి కానీ, 1926 నాటికి ఆ చట్టాలన్నీ రద్దయ్యాయి. అంటే మీ నాన్నగారి ప్రశ్నను అమెరికన్లే నూరేళ్ల కిందట అడిగారు. ఈ మధ్య కూడా ధరలోనే కూలి కలిపేసి టిప్పు ఎత్తివేయాలని కొన్ని పేరున్న రెస్టారెంట్లు ప్రయత్నించాయి. న్యూయార్క్‌లో డానీ మేయర్ అనే రెస్టారెంట్ల యజమాని 2015లో మొదలుపెట్టి, 2020లో విరమించుకున్నారు. ధర ఎక్కువగా కనిపిస్తే జనం వెనుకాడతారు, బాగా సంపాదించే వెయిటర్లు వేరే చోటికి వెళ్లిపోతారు.

ఈ పద్ధతి అన్యాయమైనదనే నేను నమ్ముతాను. అయితే ఆ నిరసనను వడ్డించిన మనిషి మీద చూపకూడదు. టిప్పు ఎగ్గొడితే యజమానికి పోయేదేమీ లేదు, ఆ నష్టమంతా ఆ వడ్డించిన మనిషిదే. సేవ నిజంగా బాగా లేకపోతే పది శాతానికి తగ్గించి, మేనేజరుతో కారణం చెప్పడం మేలు. వంట ఆలస్యమైతే అది వడ్డించినవారి తప్పు కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

తొలిప్రయాణం:

మీ ముగ్గురికీ ఎంతో కృతజ్ఞతలు. అక్షాంశం గారు చెప్పిన పోర్టర్ల చరిత్ర నాన్నగారికి చదివి వినిపించాను. చాలాసేపు మౌనంగా ఉండి, "అయితే ఇరవై శాతమే ఇద్దాం" అన్నారు. చక్రాల కుర్చీ, హోటళ్లు, టాక్సీల విషయం, జపాను విషయం ఇంకా మిగిలి ఉన్నాయి. ఇంకొక సందేహం. గ్రాండ్ కాన్యన్‌లో రేంజర్లు అనే పార్కు ఉద్యోగులు వెంట ఉండి నడిపిస్తూ వివరించే కార్యక్రమానికి వెళ్లాలనుకుంటున్నాము, వారికి కూడా ఇవ్వాలా?

పశ్చిమతీరం:

రేంజర్లకు ఇవ్వకండి. నేషనల్ పార్క్ సర్వీస్ రేంజర్లు ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులు కనుక టిప్పు తీసుకోకూడదు, మీరు ఇవ్వబోతే వారికి ఇబ్బంది. పోలీసులకు, ఇమ్మిగ్రేషన్ అధికారులకు, కస్టమ్స్ వారికి ఏ సందర్భంలోనూ డబ్బు చూపవద్దు, అది లంచం కిందికి వస్తుంది. లాస్ వేగస్ నుంచి ప్రైవేటు బస్సు యాత్రలో వెళ్తుంటే మాత్రం, రోజంతా బస్సు నడిపి విశేషాలు చెప్పిన డ్రైవరుకు దిగేటప్పుడు మనిషికి అయిదు నుంచి పది డాలర్లు ఇస్తారు.

చక్రాల కుర్చీ సేవకు విమాన సంస్థలు రుసుము తీసుకోకూడదు, కాబట్టి టిప్పు ఇస్తేనే తోసుకువెళ్తారన్న భయం అక్కరలేదు. అయినా ఆ కుర్చీ నడిపేవారిలో చాలామంది తక్కువ జీతాలకు పనిచేస్తారు. అమ్మగారిని చెకింగ్ దాటించి, సామాను చూసుకుని, ద్వారం దాకా చేర్చినవారికి అయిదు నుంచి పది డాలర్లు ఇవ్వడం ఎంతో బాగుంటుంది. పెద్ద విమానాశ్రయంలో దారి మధ్యలో మనుషులు మారుతుంటారు కనుక, మొదటి మనిషికే అంతా ఇచ్చేయకుండా విడదీసి పెట్టుకోండి.

హోటల్లో అందరూ మరిచిపోయేది గది శుభ్రం చేసేవారిని. వారు మన ఎదుటికి రారు కనుక గుర్తురారు. రాత్రికి రెండు నుంచి అయిదు డాలర్ల లెక్కన, "హౌస్‌కీపింగ్, థాంక్యూ" అని రాసిన కాగితంతో దిండు మీదో, బల్ల మీదో ఉంచండి. చివరి రోజు ఒకేసారి పెట్టకుండా రోజూ ఉదయం పెట్టండి, రోజుకొకరు వస్తారు కదా. కాగితం లేకపోతే మీరు మరిచిపోయిన డబ్బనుకుని ముట్టుకోరు. సామాను గదికి తెచ్చినవారికి పెట్టెకు రెండు డాలర్లు, టాక్సీకి పదిహేను శాతం పైన, ఇంటికి తిండి తెచ్చేవారికి కూడా అంతే. యాప్‌లో కనిపించే డెలివరీ ఫీజు తెచ్చినవారికి ఇచ్చే టిప్పు కాదు.

టోక్యో బదిలీ:

జపాను గురించి నేను చెబుతాను, అక్కడ అయిదేళ్లు ఉద్యోగరీత్యా ఉన్నాను. శాన్ ఫ్రాన్సిస్కోలో విమానం ఎక్కేటప్పుడే టిప్పు అలవాటును అక్కడ వదిలేయండి. రెస్టారెంటులో, టాక్సీలో, హోటల్లో, ఎక్కడా ఇవ్వక్కరలేదు. చూపిన ధరలోనే పన్నూ కలిసి ఉంటుంది, 2021 ఏప్రిల్ నుంచి అలా చూపడం తప్పనిసరి చేశారు. బల్ల మీద చిల్లర వదిలి వస్తే, మరిచిపోయారనుకుని వీధి చివరి దాకా పరుగెత్తుకొచ్చి మరీ తిరిగి ఇస్తారు. నాకు మొదటి నెలలో అదే జరిగింది. ఆ అమ్మాయి ఆయాసపడుతూ నా ముందు వంగి, నాణేలను రెండు చేతులతో అందించినప్పుడు, మంచి చేద్దామని ఆమెకు శ్రమ కలిగించానే అని బాధపడ్డాను. బాగా చేయడం తమ పనిలో భాగమని, దానికి విడిగా వెల కట్టడం అవసరం లేదని అక్కడివారు భావిస్తారు. తిన్న తరువాత బయటికి వెళ్తూ "గోచిసోసామా దేశితా" అని చెప్పండి. భోజనం పెట్టినందుకు కృతజ్ఞత తెలిపే మాట అది. అది విన్నప్పుడు వంటగదిలోంచి కూడా సంతోషంగా జవాబు వస్తుంది.

డబ్బు చెల్లించే చోట చిన్న పళ్లెం ఒకటి ఉంటుంది. నోట్లు చేతికి ఇవ్వకుండా అందులో ఉంచాలి. అది టిప్పు పళ్లెం అనుకుని కొందరు పొరబడతారు. ఇజకాయా అనే మద్యశాలల్లో అడగకుండానే చిన్న గిన్నెలో ఏదో తెచ్చి పెట్టి, మనిషికి మూడు నుంచి అయిదు వందల యెన్లు బిల్లులో వేస్తారు. దాన్ని "ఒతోషి" అంటారు. అది ఆ స్థలానికి, కూర్చున్నందుకు వేసే రుసుము లాంటిది, మోసం కాదు. పెద్ద హోటళ్లలో పది నుంచి పదిహేను శాతం సర్వీస్ ఛార్జి ముందే కలుపుతారు.

హకోనె ర్యోకాన్ విషయంలోనే కొంచెం వివరం కావాలి. అక్కడ "కొకోరోజుకె" అనే పాత మర్యాద ఒకటి ఉంది. మీ గదిని చూసుకుంటూ, భోజనం గదిలోనే వడ్డించే నకాయి అనే పరిచారికకు, మొదట గదికి తీసుకువచ్చి టీ పోసినప్పుడే, చిన్న కవరులో మడత నలగని కొత్త నోట్లు వెయ్యి నుంచి మూడు వేల యెన్ల దాకా పెట్టి ఇవ్వడం ఆ మర్యాద. ఇది తప్పనిసరి కాదు, ఇప్పుడు జపనీయులలోనే చాలామంది ఇవ్వడం లేదు, సర్వీస్ ఛార్జి గది ధరలోనే ఉంటుంది. అమ్మగారి మోకాళ్ల వల్ల నేల మీది పరుపుకు బదులు మంచం, ఎత్తు కుర్చీ లాంటి ప్రత్యేక ఏర్పాట్లు అడుగుతున్నట్లయితే మాత్రం అలా ఇవ్వడం ఎంతో శోభిస్తుంది. కవరు లేకుండా నోటును విడిగా చేతిలో పెట్టవద్దు. వారు ఒకసారి వద్దంటే రెండోసారి మృదువుగా అందించి చూడండి, అప్పటికీ వద్దంటే ఆపేయండి. బిల్లులో మనిషికి 150 యెన్లు విడిగా కనిపిస్తే అది వేడినీటి బుగ్గల స్నానం మీద స్థానికంగా వేసే పన్ను, టిప్పు కాదు.

తొలిప్రయాణం:

అమ్మకు మంచం ఉన్న గది కావాలని ర్యోకాన్ వారికి ఈ రోజే రాశాను. కవర్లు ఇక్కడి నుంచే తీసుకువెళ్లాలా?

టోక్యో బదిలీ:

అవసరం లేదు. "పోచిబుకురో" అని అడిగితే స్టేషనరీ దుకాణాల్లో, వంద యెన్ల దుకాణాల్లో పువ్వుల బొమ్మలతో చక్కటివి దొరుకుతాయి. హకోనె రైలు ఎక్కే ముందే టోక్యోలో కొనుక్కోండి.

సాయంత్రం షిఫ్టు:

అమెరికాకు సంబంధించి ఒకటి మిగిలిపోయింది. అక్కడి ఏటీఎంలు ఎక్కువగా ఇరవై డాలర్ల నోట్లే ఇస్తాయి. కుర్చీ నడిపేవారికి, గది శుభ్రం చేసేవారికి ఇవ్వాల్సిన సమయంలో ఇరవై నోటు పట్టుకుని చిల్లర అడగడం ఇద్దరికీ ఇబ్బంది. బయలుదేరే ముందు డాలర్లు మార్చుకునేటప్పుడే ఒకటి, అయిదు డాలర్ల నోట్లు ఓ నలభై దాకా అడిగి తీసుకుని, అందులో పది అమ్మగారి చేతిసంచిలో పెట్టండి. న్యూయార్క్‌లో విమానం దిగగానే మొదట అక్కరకొచ్చేది అవే.